ఆకాశం చూపే తెరల్లో మనమెక్కడ?

అంతరిక్షం మీద పాఠం వస్తే ఈ రోజుల్లో మన టీచర్లు మొదట చేసే పని ఫోన్ తీయడం. అందులో తప్పేమీ లేదు. గ్రహాల చార్టు చిరిగిపోయిన బడిలో, గ్లోబు బీరువాలో తాళం పడి ఉన్న బడిలో శనిగ్రహం వలయాలు చూపించాలంటే ఫోన్ కన్నా సులువైన సాధనం లేదు. అయితే ఆ ఫోన్‌లో ఏది చూపించాలి, అది ఎవరు రాసింది, మన పిల్లలకు ఏం నేర్పుతుంది, ఏం నేర్పకుండా వదిలేస్తుంది అన్న విచారణ మన దగ్గర పెద్దగా జరగలేదు. ఆదివాసుల మీద కథ వస్తే విమర్శ రాస్తాం. పాఠ్యపుస్తకంలో మన గురించి తప్పు పడితే నిలదీస్తాం. పిల్లలు రోజూ చూసే తెరను మాత్రం ప్రశ్నించకుండా వదిలేస్తున్నాం. ఆ లోటు కొంతైనా పూడ్చాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఇందుకోసం మేము కోడూరు మండలంలో, హంసలదీవి దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న పాలకాయతిప్పలో కొన్ని సాయంత్రాలు యానాది పిల్లలతో కూర్చున్నాం. అయిదు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లలు. మా చేతిలో ఉన్నవి రెండు ఫోన్లు, వచ్చీ పోయే సిగ్నలు. వెబ్‌సైట్ల జాబితా రాసుకుని మార్కులు వేయడం మా పద్ధతి కాదు. పిల్లలు అడిగిన ప్రశ్నకు ఏ సైటు ఎంతవరకు తోడు వచ్చిందో చూశాం. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవం నుంచే.

పోటు ప్రశ్న

పాలకాయతిప్ప పిల్లలకు చంద్రుడు కొత్తవాడు కాడు. మడ అడవి బురదలో మండపీత బొక్క వెతకాలన్నా, కాలవ పాయలో వల కట్టాలన్నా పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు తెలియాలి. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దదని, అష్టమి రోజుల్లో నీళ్ళు అంతగా ఎక్కవని ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఇవాళ వచ్చిన పోటు రేపు ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా వస్తుందని లెక్క చెప్పకుండానే చెబుతారు. పున్నమి పీతలో కండ తక్కువని తాతలు చెప్పిన మాట కూడా వాళ్ళకు గుర్తుంది.

చంద్రుడి ఆకర్షణ వల్ల పోటు వస్తుందని మేము చెప్పగానే ఏడో తరగతి పిల్లవాడొకడు అడిగాడు: "చంద్రుడు ఒక్క పక్కనే ఉంటాడు గదా సార్, మరి రోజుకు రెండు పోట్లెందుకు?" చాలా పాఠ్యపుస్తకాలు దాటేసే ప్రశ్న ఇది. పిల్లల అంతరిక్ష సైటు ఏదైనా సరే, దానికి మేము పెట్టే మొదటి పరీక్ష ఇదే.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పిల్లల కోసం నడిపే 'స్పేస్ ప్లేస్' 1998 నుంచి ఉంది. నాసా పేజీల్లో ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుంది. చంద్రుడు తనకు దగ్గరి వైపు నీటిని భూమికన్నా గట్టిగా లాగుతాడు. భూమిని అవతలి వైపు నీటికన్నా గట్టిగా లాగుతాడు. అందుకని రెండు వైపులా నీరు ఉబ్బుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేలోపు మన తీరం ఆ రెండు ఉబ్బులనూ దాటుతుంది. చిన్న వాక్యాలు, శుభ్రమైన బొమ్మలు. ప్రకటనలు లేవు. పేరు, ఫోన్ నంబరు అడగదు. కాగితం మీద అచ్చు తీసుకుని కత్తిరించి చేసే బొమ్మలు, టీచర్లకు విడిగా ఒక భాగం ఉన్నాయి. పిల్లల కోసం రాయడం అంటే విషయాన్ని పలచన చేయడం కాదని ఈ సైటు నడిపేవాళ్ళకు తెలుసు. మెచ్చుకోవలసిన పని.

కానీ అది ఇంగ్లీషులో, స్పానిష్‌లో మాత్రమే ఉంది. అమెరికాలో స్పానిష్ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషు రాక వెనకబడకూడదని వాళ్ళు ఆలోచించారు. అంత ఆలోచన మన పిల్లల కోసం ఇక్కడ ఎవరు చేశారన్నది మన ప్రశ్న. మేము చేసింది ఇది: ముందు రోజు రాత్రి ఆ పేజీ మేము చదువుకున్నాం. మర్నాడు ఫోన్ తీయలేదు. బురద ముద్ద ఒకటి, తాడు ముక్క ఒకటి పట్టుకుని తెలుగులో చెప్పాం. చివర్లో బొమ్మ ఒక్కటే చూపించాం. పాఠం నిలిచింది. మొదట ఫోన్ చేతికిచ్చిన రోజున మాత్రం పిల్లలు ఆటల మీటలు నొక్కుతూ కూర్చున్నారు, ఒక్కరూ చదవలేదు. కాబట్టి మా అభిప్రాయం: ఇంగ్లీషు సైటు ఎంత మంచిదైనా అది టీచరు చదువుకోవడానికే, పిల్లల చేతికిచ్చి పక్కకు వెళ్ళడానికి కాదు.

బొమ్మలో చంద్రుడు, మన చంద్రుడు

రెండో పరీక్ష చోటుకు సంబంధించినది. అమెరికా, యూరప్ పిల్లల సైట్లన్నిటిలో నెలవంక నిలువుగా, కొడవలి నిలబెట్టినట్టు ఉంటుంది. పాలకాయతిప్ప ఒడ్డున నిలబడి చూస్తే నెలవంక దోనెలా వాలి, కొన్ని నెలల్లో దాదాపు వెల్లకిలా కనబడుతుంది. మనం భూమధ్యరేఖకు దగ్గరగా, సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. బొమ్మ గీసినవాళ్ళు మనకన్నా చాలా ఉత్తరాన ఉన్నారు. బొమ్మా సరైనదే, మన పిల్లల కన్నూ సరైనదే. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే పిల్ల తను చూసిందే తప్పనుకుంటుంది. ఒక అమ్మాయి తన నోటుబుక్కులో దోనె చంద్రుణ్ణి గీసి, తెర మీద బొమ్మ చూశాక చెరిపేసి నిలువుగా గీసింది. మాకు ఈ వ్యాసం రాయాలనిపించింది అప్పుడే. తన కంటికన్నా తెర గొప్పదని నేర్పే పాఠం సైన్సు పాఠం కాదు.

ధ్రువనక్షత్రం సంగతీ ఇంతే. ఆ సైట్ల బొమ్మల్లో అది ఆకాశంలో బాగా పైన ఉంటుంది. మనకు ఉత్తరాన నేల అంచుకు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చెట్లు అడ్డుంటే కనబడదు. దానికి బదులు చలికాలం రాత్రుల్లో దక్షిణాన సముద్రం మీద అగస్త్య నక్షత్రం మెరుస్తుంది. యూరప్‌లో ఎక్కువ భాగం పిల్లలు దాన్ని వాళ్ళ ఊరి నుంచి చూడలేరు. కాబట్టి వాళ్ళ సైట్లలో దానికి చోటు తక్కువ.

ఇంకొకటి మరీ ముఖ్యం. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్ళలో ఏడాదికి రెండుసార్లు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్ర నీడ కర్ర కిందే మాయమవుతుంది. దీన్ని 'నీడ లేని రోజు' అంటున్నారు. మన తీరానికి అది మే మొదటి వారంలోనూ, ఆగస్టు 8, 9 తేదీల ప్రాంతంలోనూ వస్తుంది. అమెరికా ప్రధాన భూభాగంలో ఇది ఎక్కడా జరగదు. అక్కడి పిల్లల సైటు దాని గురించి రాయకపోతే తప్పు పట్టలేం. మన టీచరు మాత్రం ఆ సైటునే పాఠంగా తీసుకుంటే, ఖర్చు లేకుండా ఒక్క కర్రతో అయ్యే ప్రయోగాన్ని పిల్లలు కోల్పోతారు. మే నెలలో సెలవులు. ఆగస్టులో బడి ఉంటుంది, మబ్బు లేకపోతే చాలు.

శ్రీహరికోట పేజీలో లేని పేరు

ఇప్పుడు మన సొంత సంస్థ దగ్గరికి వద్దాం. ఇస్రో వెబ్‌సైటు ఇంగ్లీషులో, హిందీలో ఉంది. రాకెట్ బరువెంత, ఉపగ్రహం ఏ కక్ష్యలోకి వెళ్ళింది, ప్రయోగం ఏ తేదీన జరిగింది అన్నవి తెలుసుకోవడానికి అంతకన్నా నమ్మదగిన చోటు లేదు. చంద్రయాన్-3 గురించి వాట్సాప్‌లో వచ్చే వాటికన్నా అక్కడ రెండు పేజీలు చదివితే మేలు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరి ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరలో దిగిన ఆ ప్రయాణం మన పిల్లలను నిజంగా కదిలించింది. కానీ ఆ సైటు పిల్లల కోసం రాసింది కాదు. వాక్యాలు ఆఫీసు నోటీసుల్లా ఉంటాయి. తెలుగు నేల మీద నుంచి ఎగిరే రాకెట్ గురించి తెలుగు పిల్ల తెలుగులో చదువుకోలేకపోవడం మామూలు విషయంగా మారిపోయింది.

అంతకన్నా లోతైన లోటు ఇంకొకటి ఉంది. శ్రీహరికోట యానాదుల దీవి. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ పుస్తకంలో యానాదుల గురించి రాసినచోట శ్రీహరికోట ప్రస్తావన ఉంది. ఆ అడవిలో తేనె, వేర్లు, మందు మొక్కలు ఏరుకుని బతికినవాళ్ళు మనవాళ్ళు. 1969లో ఆ దీవిని రాకెట్ ప్రయోగాలకు ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్, రోహిణి-125, అక్కడి నుంచి ఎగిరింది. దీవిలోని జనం చోటు మారవలసి వచ్చింది. వాళ్ళలో యానాది కుటుంబాలున్నాయి. కొందరు బయటి ఊళ్ళకు చేరారు, కొందరు కేంద్రంలోనే పనివాళ్ళయ్యారు. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు.

మేము పిల్లలకు చూపించిన పేజీల్లో, స్వదేశానివైనా విదేశానివైనా, శ్రీహరికోట ఎందుకు మంచి చోటో రాసి ఉంది: తూర్పున సముద్రం ఉంది, భూమధ్యరేఖకు దగ్గర, భూమి తిరిగే వేగం రాకెట్‌కు కలిసొస్తుంది. అన్నీ నిజాలే. జనం తక్కువగా ఉండటమూ ఒక అనుకూలతగా చెబుతారు. ఆ 'తక్కువ జనం' ఎవరన్నది పిల్లల పేజీల్లో మాకు కనబడలేదు. యానాది పిల్ల ఆ పేజీ చదివితే తన తాత ముత్తాతల దీవి ఖాళీ నేలగా కనబడుతుంది.

రాకెట్లు వద్దని మేము అనడం లేదు. చంద్రయాన్ దిగినప్పుడు మేమూ చప్పట్లు కొట్టాం. ఒక్క వాక్యం అడుగుతున్నాం: 'ఈ దీవిలో అంతకు ముందు యానాదులు ఉండేవారు.' ఆ వాక్యం ఉంటే మన పిల్లలు ఆ కథలో బయటివాళ్ళుగా ఉండరు. దివిసీమలోనే నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న శంకుస్థాపన జరిగింది. కాబట్టి ఇది ఎక్కడో జరిగిపోయిన పాత కథ అని మా పిల్లలకు చెప్పలేం.

పిల్లల కోసం కాని మంచి సైట్లు

మేము అనుకోనిది ఒకటి జరిగింది. పిల్లలు ఎక్కువసేపు చూసినవి పిల్లల సైట్లు కావు.

మొదటిది వాతావరణ శాఖ పేజీ. ఇన్‌శాట్ ఉపగ్రహాలు తీసే మేఘాల బొమ్మలు అందులో రోజంతా కొత్తవి వస్తుంటాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి వినని ఇల్లు దివిసీమలో లేదు. దాదాపు పదివేల మంది పోయారు. అప్పటికి మన దేశానికి సొంతంగా వాతావరణ ఉపగ్రహం లేదు. 1982లో పంపిన ఇన్‌శాట్-1ఎ కొద్ది నెలల్లోనే పాడైంది. 1983 ఆగస్టులో వెళ్ళిన ఇన్‌శాట్-1బి పనిచేసింది. ఇప్పుడు పైన ఉన్న ఇన్‌శాట్-3డిఎస్ 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే వెళ్ళింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను బొమ్మలు చూపిస్తే పిల్లలు కదలకుండా చూశారు. ఆ రాత్రి ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో చెప్పుకున్నారు. ఉపగ్రహం అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేకపోయింది.

రెండోది ఇస్రో 2009 ఆగస్టులో తెచ్చిన భువన్. పైనుంచి మన ఊరు చూపిస్తుంది. నడపడం కష్టం, ఫోన్‌లో నెమ్మది. అయినా నది ముఖద్వారం, ఇసుక మేటలు, మడ అడవి, వాటి వెనక గళ్ళు గళ్ళుగా రొయ్యల చెరువులు పిల్లలే గుర్తుపట్టారు. 'ఇక్కడ మా అమ్మ పీతలకు పోతుంది' అని వేలు పెట్టి చూపించింది ఒకమ్మాయి. అడవి ఎక్కడ ఆగి చెరువు ఎక్కడ మొదలైందో చూసి, ముందు ఇక్కడ ఏముండేదని అడిగారు. సైన్సు పాఠం అక్కడ సాంఘికశాస్త్రం పాఠమైంది.

మూడోది హైదరాబాదులోని ఇన్‌కాయిస్. సముద్రపు నీటి వేడిని, అందులోని పచ్చదనాన్ని ఉపగ్రహాలతో కొలిచి చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో చెబుతుంది, తెలుగులో కూడా చెబుతుంది. ఇది నిజమైన మేలు. అయితే ఆ సలహా లోతు నీటికి వెళ్ళే మర పడవలకు పనికొస్తుంది. పాయల్లో చేత్తో పీతలు పట్టే మనవాళ్ళకు అందులో ఏమీ లేదు. ఈ తేడా కూడా పిల్లలకు చెప్పాం. ఏ సాంకేతిక జ్ఞానమైనా ఎవరి చేతికి అందేలా తయారైందో అడగడం వాళ్ళు నేర్చుకోవాలి.

తెలుగులో ఉన్నవాటి సంగతి

తెలుగులో అంతరిక్షం గురించి ఏమీ లేదని కాదు. వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో సగం భయపెట్టేవి, సగం పొగిడేవి. ఎవరు చేశారో పేరుండదు, ఎప్పుడు చేశారో తేదీ ఉండదు. ప్రకటనల మధ్యలో పాఠం వెతుక్కోవాలి. ప్రభుత్వ దీక్షా వేదికలో తెలుగు పాఠాలు దొరుకుతాయి, పాఠ్యపుస్తకంలో ఉన్న కోడ్ మీద ఫోన్ పెడితే తెరుచుకుంటాయి. నమ్మదగినవే, కానీ చాలావరకు పుస్తకంలో ఉన్నదాన్నే మళ్ళీ చదువుతాయి.

టీచర్లకు ఒక చిన్న ఉపాయం చెబుతాం. శనికి ఎన్ని చంద్రులున్నాయో ఆ సైటులో చూడండి. 2019లో లెక్క 82. 2023లో 146 అయింది. 2025 మార్చిలో 274కు చేరింది. సైటులో ఉన్న అంకెను బట్టి దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో తెలిసిపోతుంది. ప్లూటోను ఇంకా తొమ్మిదో గ్రహంగా లెక్కపెడితే అది 2006కు ముందు ఆగిపోయిందన్నమాట. అంకె పాతదైతే సైటును పారేయనక్కర లేదు. 'లెక్క ఎందుకు మారింది?' అని పిల్లలనే అడగండి. సైన్సు మాట మార్చుకుంటుందని, మార్చుకోవడం దాని బలమని తెలుస్తుంది.

చుక్కలకు మన పేర్లు

స్టెల్లేరియం అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మన ఊరి అక్షాంశం పెడితే ఆ రాత్రి మన నెత్తిన ఉండే ఆకాశాన్నే చూపిస్తుంది. కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కిస్తే నెట్ లేకున్నా నడుస్తుంది. పైన చెప్పిన దోనె చంద్రుడు, అగస్త్యుడు ఇందులో సరిగ్గా ఉంటారు. తరగతి గదికి ఒక్కటే ఎంచుకోమంటే మేము దీన్నే ఎంచుకుంటాం.

ఇందులో ఇంకో గొప్ప సంగతి ఉంది. గ్రీకు బొమ్మలతో పాటు న్యూజిలాండ్ మావోరీల, అమెరికా లకోటాల, నవాహోల, బ్రెజిల్ టూపీల నక్షత్ర కథలు కూడా అందులో చేర్చారు. ఆదివాసుల ఆకాశాన్ని ప్రపంచం ఆకాశంగా ఒప్పుకున్న చోటు అది. అది తెరిచిన ప్రోగ్రాం కాబట్టి కొత్తవి చేర్చడానికి దారి ఉంది. మన దేశంలో మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే గోండు ఊళ్ళు తిరిగి గోండుల నక్షత్ర జ్ఞానం మీద 2013లో పరిశోధనా వ్యాసం అచ్చు వేశారు. గోండులది చేశారు, మరి యానాదులది, ఎరుకలది, చెంచులది, కోయలది ఎవరు చేస్తారు?

తెలుగు పల్లెల్లో పిల్లలకోడి అంటే కృత్తికల గుంపు. గొల్లకావడి, వేగుచుక్క అన్న పేర్లు ఇంకా వినబడతాయి. మేము పాలకాయతిప్పలో పెద్దవాళ్ళను అడిగితే కొందరు చెప్పారు, కొందరు 'మా తాతకు తెలుసు, మాకు తెలీదు' అన్నారు. ఈ రెండో జవాబు మమ్మల్ని తొందరపెడుతోంది. పేరు తెలిసిన చివరి మనిషి పోయాక ఏ సైటూ దాన్ని తిరిగి తేలేదు.

రెండు అభ్యంతరాలు

మా మిత్రుల్లోనే కొందరు అడిగారు: ఆధార్ లేక రేషను అందని కుటుంబాలుండగా, పిల్లలు మధ్యలో బడి మానేస్తుండగా ఈ నక్షత్రాల గోలెందుకని. న్యాయమైన ప్రశ్నే. కానీ బడి మానేసిన పిల్లల్ని అడిగితే, బడిలో తమకు తెలిసింది ఏదీ పనికిరాలేదన్న మాట ఏదో రూపంలో వస్తుంది. పోటూ పాటూ తెలిసిన పిల్లవాడు చంద్రుడి పాఠంలో మొదటివాడు కావాలి. ఆ ఒక్క రోజైనా వాడు తరగతిలో తలెత్తుకుని కూర్చుంటాడు.

రెండో అభ్యంతరం: ఎలాగూ ఇంగ్లీషు రావాలి కదా, తెలుగు సైట్లు ఎందుకు? ఇంగ్లీషు రావాలి, కాదనం. అయితే ఒక పాత సంగతి గుర్తుచేస్తాం. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అనే ప్రయోగం జరిగింది. నాసా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలున్నాయి. ఊరికి ఒక్క టీవీ. పొద్దున బడి పిల్లల కోసం గంటన్నర, తెలుగు ఊళ్ళకు తెలుగులోనే. అరచేతిలో తెర లేని రోజుల్లో సాధ్యమైంది ఇప్పుడు సాధ్యం కాదంటే నమ్మడం కష్టం.

ఏం చేద్దాం

టీచర్లకు మా సూచనలు మూడు. సైటును ముందు మీరు చదవండి, తెలుగులో మీ మాటల్లో చెప్పండి, ఫోన్ చివర్లో తీయండి. తెర మీద ఉన్నది, బయట ఆకాశంలో ఉన్నది ఒకటేనా అని ప్రతిసారీ పిల్లల్ని అడగండి. పేరు, నంబరు అడిగే సైటు, తేదీ లేని సైటు తరగతిలోకి తేకండి.

యువతకు ఒకటి. ఇస్రో 2019 నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు యువిక అనే శిక్షణ శిబిరం నడుపుతోంది. గ్రామీణ బడుల పిల్లలకు ఎంపికలో అదనపు మార్కులున్నాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మన పిల్లలకు ఆ ఫారం నింపిపెట్టడం డిగ్రీ చదివిన మన అన్నలు, అక్కల పని. యానాది పిల్ల శ్రీహరికోటలోకి విద్యార్థిగా అడుగుపెట్టే దారి అది.

ఇక అందరం కలిసి చేయగలిగినది ఇంకొకటి. వచ్చే ఆగస్టు రెండో వారంలో మబ్బు లేని మధ్యాహ్నం పాలకాయతిప్ప ఇసుకలో పిల్లలు ఒక కర్ర పాతుతారు. నీడ ఎప్పుడు మాయమైందో గంట, నిమిషం రాస్తారు. ఆ నెల పోటు పాటుల వేళలు, పీతల్లో కండ ఎంతుందో కూడా రోజూ రాసి, తాతల మాట నిజమో కాదో తేలుస్తారు. పక్కన ముసలివాళ్ళు చెప్పిన చుక్కల పేర్లు ఉంటాయి. ఆ నోటుబుక్కును ఫొటో తీసి మిగతా గూడేల టీచర్లకు పంపుతాం. మీ దగ్గరి పిల్లలు రాసినవి మాకు పంపండి.